విహారము, కోట, ద్వీపము: నాగార్జునకొండ చెప్పు పాఠము



మా రామగిరి కోటగుట్టపై నిలిచి క్రిందికి చూచినచో ఒక వైపున పొలములును, మఱియొక వైపున బొగ్గుగనుల మట్టిగుట్టలును కనబడును. నా బాల్యమున జొన్నచేలుగా నుండిన నేల కొంత నేడు గనియైనది. ఊరుగా నుండినది కొంత మట్టిగుట్ట యైనది. కొన్ని గ్రామములవారు తమ సామానులను, తమ దేవతల గద్దెలను ఎత్తికొని క్రొత్త కాలనీలకు తరలిపోయిరి. అట్లు తరలిన వారిలో నొక పెద్దమనిషి యొకనాడు నాయొద్దకు వచ్చి, "పంతులుగారూ, ఇంటికి లెక్క కట్టిరి, చేనికి లెక్క కట్టిరి, చెట్టుకును లెక్క కట్టిరి. ఊరికి లెక్క ఎవరు కట్టుదురు?" అని యడిగెను.

బడిలో ముప్పదియైదేండ్లు ప్రశ్నలు వేసి బ్రతికినవాడనే గాని, ఆ ప్రశ్నకు వెంటనే ప్రత్యుత్తరము చెప్పలేకపోతిని. నేటి యీ ప్రసంగము ఆ పెద్దమనిషికి నేను ఆలస్యముగా చెప్పుకొను ప్రత్యుత్తరమని భావింపుడు.

స్థలము ఒకటే యైనను దాని యుపయోగము కాలమును బట్టి మాఱుచుండును. ఇది లోకమున క్రొత్త విషయము కాదు. మన పెద్దపల్లి జిల్లాలోనే ఎలిగేడు మండలమున ధూళికట్ట యను గ్రామము కలదు. అచ్చటి మట్టిదిబ్బలను 1970 దశకమున పురావస్తుశాఖవారు త్రవ్వగా శాతవాహనుల నాటి కోటయు, దానికి కొంత యెడముగా ఇటుకలతో కట్టి చెక్కడపు పలకలు తాపిన బౌద్ధస్తూపమును బయల్పడినవి. పలుపడగల నాగరాజును చెక్కిన పలక యొకటి వానిలో ప్రసిద్ధమైనది. అంతకు ముందు ఎన్ని తరములు ఆ దిబ్బల ప్రక్కనే నాగలి దున్నెనో యోచింపుడు. దిబ్బ యెవరికిని అడ్డము రాలేదు, ఎవరితోను మాటలాడలేదు.

ఇట్లు మాఱిన స్థలములలో కథ మొదటినుండి తుదివరకు మనకు తెలిసినది, తుదకు నీట మునిగినది, కృష్ణాతీరమునందలి నాగార్జునకొండ. ఒకప్పుడది భిక్షువుల విహారభూమి. పిమ్మట కోట యైనది, పశువుల బీడు యైనది, త్రవ్వకముల క్షేత్రమైనది, ఇప్పుడు జలాశయము నడుమ ద్వీపమైనది. ఊరికి లెక్క ఎట్లు కట్టవలెనో ఆ కొండ మనకు కొంత నేర్పగలదు.

ముందుగా విహారమన నేమో తెలిసికొందము. బౌద్ధభిక్షువు ఒకచోట నిలువక తిరుగుచు భిక్షచేసి బ్రతుకవలసినవాడు. వానకాలమున మాత్రము త్రోవలు బురదయగుట చేతను, మొలకలు, పురుగులు కాలిక్రింద పడి నశించుట చేతను ఒక్కచోట నిలుచుట నియమము. దానిని వర్షావాసమందురు. ఆ నిలుకడకై యేర్పడిన వసతియే క్రమముగా విహారమైనది. నడుమ స్తంభముల మండపము, దాని చుట్టు మూడు వైపులనో నాలుగు వైపులనో చిన్న గదులు, గదికి ఒక భిక్షువు లేక ఇద్దరు. సమీపమున పూజకు స్తూపము. కొన్నిచోట్ల వెనుకభాగము గుండ్రముగా నుండు చైత్యగృహము. భిక్షువుకు సొంత ఆస్తి లేదు గాని విహారమునకు ఉండెను. దాతలు వృత్తిసంఘములవారి యొద్ద మూలధనము నిలువయుంచి, మూలము కదల్పక దాని వడ్డితో భిక్షువులకు వస్త్రములు, మందులు సమకూర్చునట్లు ఏర్పాటు చేసెడివారు. ఆ మూలధనమునకు అక్షయనీవి యని పేరు. మన దేవాలయములకు మాన్యము లెట్టివో విహారములకు అక్షయనీవులు అట్టివి.

నాగార్జునకొండ లోయకు మూడు వైపుల కొండలు, నాలుగవ వైపున కృష్ణ. విహారములు రాకముందే అచ్చట రాతిపనిముట్ల మానవులు వసించిరి. పెద్దపెద్ద బండలతో సమాధులు కట్టినవారును వసించిరి. క్రీ. శ. 3వ శతాబ్దమున శాతవాహనుల ప్రభుత్వము సడలగా ఇక్ష్వాకులను రాజులు ఆ లోయలో విజయపురి యను నగరమును రాజధానిగా చేసికొని సుమారు నూఱు సంవత్సరములు పాలించిరి. శాసనములలో ఆ కొండకు శ్రీపర్వతమని పేరు. ఆచార్య నాగార్జునుని పేరు దానికి తరువాత స్థిరపడినది.

ఆ రాజకుటుంబపు వృత్తాంతము మన పెద్దలకు ఆశ్చర్యము గొలుపగలదు. వంశకర్తయైన వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు వైదికుడు, అశ్వమేధము చేసినవాడు, కుమారస్వామి భక్తుడు. అతని సోదరి చాంతిసిరి బౌద్ధురాలు. ఆమె తన మేనల్లుడును అల్లుడును అయిన వీరపురుషదత్తుని యేలుబడిలో 6వ సంవత్సరమున అచ్చటి మహాచైత్యమును నిలిపించినది. మేనరికము ఆ వంశమున కొల్లగా నుండెను. వీరపురుషదత్తుడు తన మేనత్త కూతుండ్రనే వివాహమాడెను. ఒకే యింటిలో ఒకవైపు యజ్ఞము, మఱొకవైపు స్తూపము. ఏటియొడ్డున దేవాలయములు, లోయలో విహారములు. మతము వేఱైనంత మాత్రమున అన్నము వేఱు కాలేదు.

మహాచైత్యము అడ్డుకొలత సుమారు 106 అడుగులు. దాని లోపల గోడలు బండిచక్రపు ఆకులవలె నడుమనుండి బయటికి కట్టబడి, ఆ ఆకుల నడుమ మట్టి నింపబడెను. ఆ కట్టడమున వాడిన ఇటుక పొడవు 20 అంగుళములు, వెడల్పు 10, మందము 3. ఈ కొలతను గుఱుతుంచుకొనుడు. తరువాత దీనితో పని యున్నది.

ఆ లోయలో ముప్పదికి పైబడిన బౌద్ధకట్టడములు వెలసినవి. అపరమహావినశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు మొదలగు శాఖలవారికి వేర్వేఱు విహారము లుండెను. సింహళమునుండి వచ్చిన భిక్షువులకు ప్రత్యేకముగా నొక విహార ముండెను. బోధిసిరి యను ఉపాసిక సింహళ భిక్షువుల కొఱకు చైత్యగృహము కట్టించి వేయించిన శాసనమున, ఆ ఆచార్యులు ధర్మము బోధించిన దేశములుగా కాశ్మీర గాంధారములు, చీన, వంగ, వనవాసి, ద్రవిడ, తామ్రపర్ణి మొదలగు పేర్లు కలవు. ఆమె రాణి కాదు, గృహస్థురాలు. కృష్ణపై పడవలు నడచుచు, సముద్రతీరపు రేవులతో వర్తకము సాగుచుండిన కాలమున ఆ లోయ యొక మారుమూల కాదు. ఒక శాలలో జ్వరశాంతిని సూచించు శాసనము కలదు. అది జ్వరపీడితులను ఉంచిన ఆలయమని పండితులు భావించిరి. కనుక విహారమన కేవలము ధ్యానము చేయు చోటు కాదు. అది బడి, సత్రము, వైద్యశాల, పరదేశికి ఆశ్రయము.

4వ శతాబ్దపు తొలిభాగమున ఇక్ష్వాకుల యేలుబడి ముగిసెను. రాజధాని పోయిన నగరమునకు వర్తకుడు రాడు. వర్తకుడు రాని చోట వృత్తిసంఘము నిలువదు. వృత్తిసంఘము నిలువనిచో అక్షయనీవి పేరునకే అక్షయము. మూలధనము మ్రింగినవారు లేకపోయినను దానికి వడ్డి కట్టువారు లేకపోయిరి. ఒకనాటి దండయాత్ర విహారములను పడగొట్టినదని కొందఱు కథలు చెప్పుదురు. కాని గదులు గదులుగా, కొన్ని తరములలో భిక్షువులు తగ్గిపోవుటకు కత్తి యక్కఱలేదు, అన్నము తగ్గిన చాలును. 7వ శతాబ్దమున ఆంధ్రదేశమునకు వచ్చిన చీనాయాత్రికుడు హ్యూన్‌త్సాంగు ధాన్యకటక ప్రాంతమున పాడుపడిన సంఘారామములు పెక్కు కలవని వ్రాసియుండెను.

భిక్షువులు పోయిన పిదప కట్టడముల కేమి జరుగును? ఇది మనము జాగ్రత్తగా చూడవలసిన స్థలము. ఆంధ్రదేశమున ఇది పలువిధములుగా జరిగినది. ఏలూరు జిల్లాలోని గుంటుపల్లి కొండలో గుండ్రని గుహాచైత్యము కలదు. దాని నడుమనున్న రాతిస్తూపమును తరువాతి ప్రజలు ధర్మలింగేశ్వరుడని శివలింగముగా పూజించిరి. రూపము చెడలేదు, పూజ మానలేదు, పేరు మాత్రమే మాఱినది. అనకాపల్లి యొద్ద ఒక గ్రామము పేరు శంకరము. సంఘారామ మను మాటయే జనుల నోట అట్లయినదని చరిత్రకారులు చెప్పుదురు. అచ్చట కట్టడములు శిథిలమైనను ఊరిపేరు సాక్ష్యము చెప్పినది. ఈ రెంటికిని భిన్నమైనది అమరావతి. 18వ శతాబ్దపు చివర అచ్చటి మహాస్తూపపు దిబ్బను క్రొత్త కట్టడముల కొఱకు రాతిగనివలె త్రవ్విరి. పలకలు కొన్ని గోడలలో చేరినవి, కొన్ని సున్నపుబట్టీలో కాలిపోయినవి. మిగిలినవానిలో పెక్కు నేడు మద్రాసు నగరమునను లండను నగరమునను ప్రదర్శనశాలలలో నున్నవి.

పూజ మాఱినచో స్థలము మిగులును. పేరు మాఱినచో మాటయైనను మిగులును. రాతిగనిగా మాఱినచో ఏమియు మిగులదు. ఈ మూటి భేదమును మనసున నుంచుకొని మరల నాగార్జునకొండకు పోదము.

లోయలోని విహారములు దిబ్బలై, వానిపై పొదలు మొలిచినవి. కొండపై మాత్రము మధ్యయుగమున, రెడ్డిరాజుల కాలమున, కోట కట్టబడెను. ఏటిని, లోయను ఒక్కచోటనుండి కాయుటకు ఆ కొండకంటె అనువైన తావు లేదు. జపమాల పట్టిన చేతులు తిరిగిన నేలకు పైన విల్లు పట్టిన చేతులు కావలి కాచినవి. కోటయు కాలక్రమమున పాడయ్యెను. పిమ్మట లోయలో పుల్లారెడ్డిగూడెమను చిన్న గ్రామమును, చుట్టుపట్ల పశువుల మేతయు, అడవియు మాత్రమే మిగిలినవి. మలేరియా జ్వరమునకు వెఱచి బయటివారు అటు పోవుటయే అరుదు. పోయినవారిలో కొందఱు నిధులకై పోయిన దొంగలు. స్తూపములలో బంగారముండునని విని వారు పెక్కు స్తూపముల నడుములు త్రవ్వివేసిరి. అందు దొరకినది స్వల్పము, చెడినది అపారము. నిధి యెచ్చట దొరకినదో, ఏ వస్తువు దేని ప్రక్క నుండినదో వారు వ్రాయలేదు. వ్రాయబోయిన దొంగతన మెట్లగును?

ఇట్లు సుమారు పదునాఱు నూఱుల సంవత్సరములు గడచిన పిదప, 1926వ సంవత్సరమున, ఆ ప్రాంతపు బడిపంతులు సూరపరాజు వేంకటరామయ్యగారు ఆ లోయలో నొక పురాతన స్తంభమును చూచిరి. చూచినవారు అంతకుముందు లేరా? పశుల కాపరులు చూచిరి, కట్టెలు కొట్టువారు చూచిరి, నిధికై తిరిగినవారును చూచిరి. పంతులుగారు మాత్రము చూచి యూరకుండక ప్రభుత్వమునకు తెలియజేసిరి. మద్రాసు పురావస్తుశాఖలో తెలుగు సహాయకుడుగా నుండిన ఎ. రంగస్వామి సరస్వతిగారు వచ్చి పరిశీలించిరి. 1927 మొదలు 1931 వరకు లాంగుహర్స్టు దొరగారు అడవిని నఱికించి త్రవ్వకములు సాగించిరి. మహాచైత్యమున దొంగల చేతికందని యొక మూలగదిలో స్తూపాకారపు వెండిభరణియు, దాని లోపల బంగారు పెట్టెలో ఎముకతునకయు లభించెను. అది బుద్ధభగవానుని ధాతువుగా స్వీకరింపబడి, తరువాత సారనాథమునందలి విహారమునకు చేర్చబడినది. శాసనములు చదువబడినవి. చాంతిసిరి, బోధిసిరి, వీరపురుషదత్తుడు అను పేర్లు శతాబ్దముల పిదప మరల మనుష్యుల నోట పలుకబడినవి.

ఒక బడిపంతులు వ్రాసిన సమాచారమునుండి ఇంత పని జరిగినది. నేనును ఆ వృత్తివాడనగుటచే ఈ మాట గర్వముతో చెప్పుచున్నానని మీరు తలపవచ్చును. నిజమే. కాని చిన్న యెఱుక గలవాడు తాను చూచినదానిని తగినవారికి చెప్పుట యెంత గొప్ప పనియో చూపుటకే ముఖ్యముగా చెప్పుచున్నాను.

ఇంతలో మఱియొక అవసరము ముందునకు వచ్చెను. కృష్ణకు అడ్డముగా నందికొండ యొద్ద పెద్ద ఆనకట్ట కట్టినచో లక్షలకొలది ఎకరములకు నీరు పాఱును. కాని అదే నీరు నిలిచి నాగార్జునకొండ లోయను నిండ ముంచును. ధాన్యము కావలెనా, చరిత్ర కావలెనా? వానకై యాకాశమును చూచుచు కఱవులు పడిన రైతునకు ఈ ప్రశ్న వేసినచో అతడేమి చెప్పునో మీరెఱుగుదురు. అతనిది తప్పని యెవరును అనలేరు. 1955 డిసెంబరు 10వ తేదీన నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి.

అయితే ఇచ్చట జరిగినది అమరావతిలో జరిగినట్లు జరుగలేదు. నీరు రాకముందే, 1954 మొదలు 1960 వరకు, ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున పురావస్తుశాఖవారు లోయ నంతటిని త్రవ్వి చూచిరి. నూటికి పైబడిన స్థలములను పరిశీలించిరి. వీథులు, ఇండ్లు, స్నానఘట్టములు, మెట్లవరుసలు గల రంగస్థలము, హారీతీదేవి ఆలయము, అశ్వమేధమునకు సంబంధించిన కట్టడములు బయల్పడినవి. ప్రతి గోడకు పటము గీయబడెను, ప్రతి వస్తువు దొరకిన చోటు వ్రాయబడెను. తరలింపదగిన కట్టడములను విప్పి, మూలమందున్న క్రమము చెడకుండ తిరిగి కూర్చి, కొన్నిటిని కొండపైనను, కొన్నిటిని నదికి ఒడ్డున అనుపు అను చోటను మరల నిలిపిరి. తరలింప వీలులేనివానికి చిన్న పరిమాణమున నమూనాలు చేసిరి. శిల్పములకై కొండపై విహారాకారమున ప్రదర్శనశాల కట్టబడి 1966లో తెఱువబడెను. 1967 ఆగస్టు 4వ తేదీన నాటి ప్రధాని ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు వదలిరి. కొండ చుట్టును నీరు చేరి అది ద్వీపమయ్యెను. నేడచ్చటికి పడవపై పోవలెను.

ఆ నీటిచే నల్లగొండ, ఖమ్మము, గుంటూరు, కృష్ణా, ప్రకాశము మొదలగు జిల్లాల పొలములు పండినవి. ఆ యన్నము తినినవారము మనమును కలము. కావున ఆనకట్టను నిందించుట కృతఘ్నత. కాని పోయినది లేదనుట అసత్యము. లోయలో నుండిన గ్రామములవారు తరతరముల నేలను విడిచిపోయిరి. తరలించిన విహారము తరలించినదే గాని, ఏ మలుపు తిరిగినచో విహారము కనబడునో, విహారము వాకిట నిలిచినచో ఏ దిక్కున నది మెఱయునో, ఆ పొందిక తరలి రాదు. రాయిని మోయవచ్చును గాని రాతికి చుట్టునున్న దూరములను మోయలేము. నీటి క్రింద నున్నది నీటి క్రిందనే యున్నది.

ఇప్పుడు లెక్క కట్టుదము. ఆ లోయకు రెండు విధముల నాశము కలిగినది. ఒకటి నిధిదొంగల వలన, రెండవది ఆనకట్ట వలన. పరిమాణమున చూచినచో దొంగలు త్రవ్వినది పిడికెడు, ఆనకట్ట ముంచినది లోయ యంతయు. కాని ఫలమున చూడుడు. దొంగలు త్రవ్విన గోతిలో నుండినదేమో నేడు ఎవరును చెప్పలేరు. ఆనకట్ట ముంచిన లోయలో ఏ గది యెన్ని అడుగులో, ఏ స్తంభముపై ఏ అక్షరము లుండెనో పుస్తకము తెఱచి చెప్పవచ్చును. భేద మెచ్చట నున్నది? రెండవచోట మునుగుటకు ముందు ఆఱేండ్లు ఎవరో కూర్చుండి లెక్క వ్రాసిరి.

మా బొగ్గుప్రాంతపు పెద్దమనిషికి నా ప్రత్యుత్తర మిదియే. ఊరికి లెక్క నష్టపరిహారపు దస్త్రములో దొరకదు. దానిని ఊరివారే కట్టవలెను, ఊరు కదలకముందే కట్టవలెను.

అది యెట్లందురా? పెద్ద చదువు అక్కఱలేని కొన్ని పనులు చెప్పెదను.

మొదటిది, మీ గ్రామమున పాటిగడ్డ యను పేరుగల చోటు ఉన్నదేమో చూడుడు. అది పూర్వపు ఊరు పాడుపడిన దిబ్బ. పాటిమన్ను చేనికి బలమని బండ్లకెత్తి తోలుట మన రైతుల వాడుక. ఇప్పుడు ట్రాక్టరులు వచ్చినవి గనుక ఒక్క వేసవిలోనే ఒక దిబ్బ మాయము కాగలదు. ఆ మన్నుతో పాటు పెంకులు, పూసలు, నాణెములు, పెద్ద ఇటుకలు వచ్చినచో త్రవ్వకము అచ్చటనే యాపుడు. నేను ముందు చెప్పిన కొలత జ్ఞాపక మున్నదా? నేటి ఇటుక పొడవు తొమ్మిది అంగుళములు. మీ చేతికి వచ్చిన ఇటుక దానికి ఇంచుమించు రెండింతలున్నచో అది మీ తాతముత్తాతల నాటిది గూడ కాదు, అంతకంటె మిక్కిలి పాతది. దానిని గోడలో పెట్టకుడు.

రెండవది, అక్షరములు చెక్కిన రాయి కనబడినచో దానిని కదల్పకుడు, దానిపై సున్నమును రంగును పూయకుడు, దానిపై కత్తులు నూరనీయకుడు. అది ఏ పొలమున, ఏ దిక్కునకు ముఖము పెట్టి యున్నదో కాగితముపై వ్రాసి తహసీలుదారునకును పురావస్తుశాఖకును తెలియజేయుడు. నేడు ప్రతి యింట ఛాయాచిత్రములు తీయు ఫోను ఉన్నది. మనుమని పిలిచి ఫోటో తీయింపుడు. వేంకటరామయ్యగారికి అదియును లేదు.

మూడవది, పేర్లు వ్రాయుడు. ఏ చెలకను ఏమందురు, ఏ గుండును ఏ దేవరగా కొలుతురు, ఏ వాగుమలుపునకు ఏ కథ చెప్పుదురు, ఇవి ఏ శాఖవారి పటములోను ఉండవు. సంఘారామము శంకరమై మిగిలినట్లు ఒక్క పేరు వేయేండ్ల సాక్ష్యము చెప్పగలదు. ఊరు లేచిపోయిన నాడు చెలక గనిలో చేరును, పేరు గాలిలో చేరును. ముసలివారు బ్రతికియున్నప్పుడే పిల్లలచేత ఒక నోటుపుస్తకమున వ్రాయింపుడు. బడిపంతులు చేయదగిన పని ఇది. నాకంటె చిన్నవారైన నా తోడి ఉపాధ్యాయులకును ఇదే నా మనవి.

నాలుగవది, నిధి యని యెవడైన రాత్రివేళ మంత్రగానిని వెంటబెట్టుకొని గుట్టకు గునపము తెచ్చినచో మొగమాటము లేక యడ్డగింపుడు. మా రామగిరి కోటవంటి చోట్లకు అట్టివారి యాశ ఎప్పుడును పొంచియుండును. నాగార్జునకొండలో అట్టివారు సంపాదించినది ఎవరికిని తెలియదు. వారు పోగొట్టినది మాత్రము మన యందఱికిని తెలియును.

స్థలము ఒకే యుపయోగమున నిలిచి యుండవలెనని నేను కోరుటలేదు. భిక్షువులు పోయిన విహారమున గొల్లపిల్లవాడు వానకు తలదాచుకొనుట దోషము కాదు. స్తూపమును లింగమని కొలుచుట దోషము కాదు. కొండపై కోట కట్టుట, లోయలో నీరు నిలుపుట, నేలక్రింది బొగ్గు తీసి దీపము వెలిగించుట, ఇవన్నియు మనుష్యుల యవసరములే. పోవువాడు వచ్చువానికి లెక్క అప్పగించి పోవలెను. అంతే ధర్మము. విజయపురి స్త్రీలు తమ దానములను రాతిపై వ్రాయించి పోయిరి గనుకనే, వారి రాజ్యము పోయి, వారి మతము ఆ లోయను విడిచి, ఆ లోయయే నీట మునిగినను, నేను నేడు చాంతిసిరి పేరు చెప్పగలిగితిని, మీరు వినగలిగితిరి.

ఆ పెద్దమనిషి యిప్పుడు క్రొత్త కాలనీలో నున్నాడు. వారి గ్రామదేవత గద్దెను గూడ అచ్చటికి తెచ్చుకొనిరి. పాత ఊరి చెలకల పేర్లు ఎన్ని జ్ఞాపకమున్నవని మొన్న అడిగితిని. వ్రేళ్ళు మడచి లెక్కించుచు నలువదియొక్కటి చెప్పెను. నలువదిరెండవది తమ్ముని అడుగవలెననెను. ఆ నలువదిరెండు పేర్లును మా మనుమరాలి నోటుపుస్తకమున నున్నవి.

మీ యూరి లెక్కను మీరును మొదలిడుడు. శుభమస్తు.